రోజూ గంట దొరకనివాళ్లకి యోగా వల్ల ప్రశాంతత వస్తుందా?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. శ్రీకాకుళంలో ఉంటూ నరసన్నపేట దగ్గర సచివాలయంలో ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, అత్తగారికి మోకాళ్ల నొప్పులు, పొద్దున ఐదింటికి లేస్తే ఎనిమిదిన్నర బస్సు అందుకునేదాకా ఊపిరి సలపదు అన్నారు. 2025లో రాష్ట్ర ప్రభుత్వం యోగాంధ్ర పేరుతో యోగా కార్యక్రమం నడిపినప్పుడు నెల రోజులు ఉత్సాహంగా క్లాసుకి వెళ్లారు, తర్వాత మానేశారు. "ప్రశాంతత కోసం మొదలుపెడితే, చేయలేకపోతున్నానే అన్న టెన్షన్ ఇంకోటి తగులుకుంది. రోజువారీ జీవితంలోనే యోగం ఉందంటారు, అదెక్కడుందో ఎవరూ చూపించరు" అని అడిగారు.

నేను విజయనగరంలో 24 ఏళ్లుగా యోగా నేర్పుతున్నాను. ముందు స్కూల్లో పాఠాలు చెబుతూనే పొద్దున్నే నలుగురైదుగురితో మొదలుపెట్టాను, రిటైరయ్యాక కంటోన్మెంట్‌లో మా మేడ మీదే రెండు పూటలా క్లాసు. మీలాంటివాళ్లే ఎక్కువమంది వస్తారు, వాళ్లలో చాలామంది రెండో నెలలో మానేస్తారు. అంచేత ఈ ప్రశ్న నాకు కొత్తది కాదు.

సూటిగా చెబుతాను. వస్తుంది, దానికి గంట అక్కర్లేదు. ఒక పని ముగిసి ఇంకో పని మొదలయ్యే చోట మూడు ఊపిరుల సేపు ఆగడం నేర్చుకోండి. దానికి తోడు రోజుకి ఏదో ఒక్క పని మనసంతా పెట్టి చేయండి, ఒళ్లు వంచడానికి వారంలో నాలుగు రోజులు ఓ పావుగంట చూసుకోండి. మిగతావి కుదరని వారం కూడా ఆ మూడు ఊపిరులు మాత్రం కుదురుతాయి, అందుకే ముందు దాని గురించి చెబుతాను.

నేను దాన్ని గడప దగ్గర ఆగడం అంటాను. మన ఇళ్లలో శుక్రవారం శుక్రవారం గడపకి పసుపు రాసి బొట్లు పెడతాం, గడప మీద కూర్చుంటే పెద్దవాళ్లు కేకలేస్తారు, తొక్కనివ్వరు. లోపలికీ బయటికీ మధ్య ఒక చోటుందని, అక్కడ కాస్త చూసి అడుగెయ్యాలని చిన్నప్పట్నుంచీ మనకి అలవాటు చేశారు. పనుల మధ్య మాత్రం గడపలు తీసేశాం. పోపు చిటపటలాడుతుండగానే బాక్సు మూత వెతుకుతాం, బాక్సు కడుతూనే ఫోన్లో ఆఫీసు గ్రూపు మెసేజ్ చూస్తాం, బస్సెక్కాక గ్యాస్ కట్టేశానా లేదా అని ఆలోచన, ఇంటికొచ్చాక ఆఫీసులో ఎవరో అన్న మాట మీద ఆలోచన. ఒక పనిలోని కంగారు రెండో పనిలోకి, అక్కణ్నుంచి మూడోదాంట్లోకి మోసుకుపోతూ ఉంటే రాత్రికి దేనివల్ల అలసిపోయామో కూడా తెలీదు.

మీ రోజులో గడపలు ఎక్కడున్నాయో మీరు రాసినదాన్నిబట్టే చెప్పగలను. పొద్దున వంట అయి స్టవ్ కట్టేసిన క్షణం. పిల్లల్ని ఆటో ఎక్కించి వెనక్కి తిరిగిన క్షణం. బస్సులో సీటు దొరికినా దొరక్కపోయినా కడ్డీ పట్టుకుని నిలదొక్కుకున్నాక. ఆఫీసులో కంప్యూటర్ ఆన్ అయ్యేలోపు. సాయంత్రం ఇంటి ముందు చెప్పులు విప్పేటప్పుడు. వీటిలో ఒక్కదానితో మొదలుపెట్టండి, అన్నీ ఒకేసారి వద్దు. అది చెప్పుల దగ్గరది అయితే బాగుంటుంది, ఎందుకంటే ఆఫీసు నుంచి తెచ్చిన చిరాకు ఆ తలుపు దాటిందంటే ముందు పడేది పిల్లల మీదే.

అక్కడ ఏం చేయాలంటే, ముక్కుతో మామూలుగా ఊపిరి తీసుకోండి, వదిలేటప్పుడు తీసుకున్నదానికి దాదాపు రెట్టింపు సేపు వదలండి. పళ్లు బిగించి ఉంటాయి, మనకి తెలీదు, వదులు చేయండి. భుజాలు చెవుల దగ్గరికి ఎక్కి ఉంటాయి, దించండి. ఇలా మూడుసార్లు. కళ్లు మూసుకోనక్కర్లేదు, పక్కవాళ్లకి మీరు ఏదో చేస్తున్నారని కూడా తెలీదు. పెద్దవాళ్లు మామూలుగా నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటారు, కంగారులో ఇంకా వేగంగా, ఛాతీ పై భాగంతోనే తీసుకుంటారు. ఊపిరి వదిలేటప్పుడు గుండె కొట్టుకునే వేగం కొంచెం తగ్గుతుంది, తీసుకునేటప్పుడు కొంచెం పెరుగుతుంది. మెదడు దగ్గర్నుంచి గుండె, పొట్ట దాకా వెళ్లే వేగస్ నాడి అలా నడిపిస్తుంది. అందుకే వదలడం పొడవు చేస్తే ఒంటికి 'ఇప్పుడు భయం లేదు' అన్న కబురు అందుతుంది. మనసుకి ఎంత నచ్చజెప్పినా వినదు గానీ ఊపిరి మాట వింటుంది.

ఇది నాకు ఎలా తెలిసిందో చెప్పాలి. మొదటి నాలుగేళ్లు నేను నాలుగున్నరకే లేచి గంటన్నర సాధన చేసేదాన్ని. ఆసనాలు, ప్రాణాయామం, ధ్యానం, ఒక్కటి వదిలేదాన్ని కాదు. ఒకరోజు మా అబ్బాయి, అప్పుడు ఆరో తరగతి, వాళ్ల నాయనమ్మతో అంటుంటే విన్నాను, "అమ్మ యోగా చేసిన రోజే ఎక్కువ కోప్పడుతుంది" అని. ఆ మాట నాకు చాలా లోతుగా తగిలింది. వారం రోజులు నన్ను నేను గమనించుకుంటే వాడన్నది నిజమే. చాప చుట్టేసి కిందికి దిగగానే పాలు పొంగిపోవడం, వాడి చెల్లెలు జడ వెయ్యమని ఏడవడం, మోటారు వేయడం మర్చిపోవడం, ఇవన్నీ నేను అంత కష్టపడి తెచ్చుకున్న ప్రశాంతతని పాడుచేయడానికి వచ్చినట్టు కనిపించేవి. ఆ గంటన్నరే నాది, మిగతా రోజంతా దానికి అడ్డం అన్నట్టు బతికాను. అప్పట్నుంచి సాధన గంటన్నర నుంచి అరగంటకి తగ్గించి, మేడ మెట్లు దిగే ముందు పై మెట్టు మీద నిలబడి మూడు ఊపిరులు తీసుకోవడం మొదలుపెట్టాను. ఇరవై ఏళ్లు కావస్తోంది, ఇప్పటికీ ఆ మెట్టు మీద ఆగుతాను.

గ్రంథం సంగతి కూడా కొంచెం చెప్పనివ్వండి, ఎందుకంటే ఆసనాలు మానేశాను కాబట్టి యోగం నుంచి నా పేరు కొట్టేశారు అన్నట్టు రాశారు మీరు. పతంజలి యోగసూత్రాలు రెండు వందలకి కొంచెం తక్కువ, వాటిలో ఆసనం ఎలా ఉండాలో నేరుగా చెప్పేవి మూడే. మొదటిది "స్థిరసుఖమాసనమ్", అంటే కదలకుండా, హాయిగా ఉండగలగడం. ఎనిమిది అంగాల్లో ఆసనం మూడోది, దానికంటే ముందు యమ నియమాలు ఉన్నాయి, హింస చేయకపోవడం, అబద్ధం ఆడకపోవడం, ఉన్నదానితో తృప్తిపడటం లాంటివి. అవి సాధన చేయాలంటే చాప ఎందుకు, సచివాలయంలో అర్జీ పట్టుకుని నాలుగోసారి వచ్చిన ముసలాయనతో మీరు మాట్లాడే తీరులోనే ఉన్నాయి. అభ్యాసం ఎలా ఉంటే నిలబడుతుందో ఇంకో సూత్రం చెబుతుంది, దీర్ఘకాలం, మధ్యలో తెగకుండా, సత్కారంతో చేయాలని. సత్కారం అన్న మాట మనకి ఇంట్లోదే, వచ్చినవాళ్లని కూర్చోబెట్టి మర్యాద చేయడం. నెల రోజులు రోజుకో గంట చేసి వదిలేయడం కన్నా, ఏళ్ల తరబడి రోజుకి మూడు ఊపిరులు మర్యాదగా తీసుకోవడం ఆ సూత్రానికి దగ్గరగా ఉంటుంది.

ఇక ఒక్క పని మనసంతా పెట్టి చేయడం గురించి. దీన్ని నేను పుస్తకంలో చదివి చాలా ఏళ్లయ్యాక పొందూరులో కళ్లారా చూశాను. నాన్నగారికి పంచె కొందామని వెళ్తే, ఒక ఇంటి వసారాలో డెబ్భై ఏళ్లుంటాయేమో, ఒకావిడ రాట్నం తిప్పుతోంది. పొందూరు ఖద్దరు ఎంత సన్నమో మీకు చెప్పక్కర్లేదు, అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారని కూడా వినే ఉంటారు. ఆవిడ కుడిచెయ్యి రాట్నం తిప్పుతోంది, ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఏకు, అంటే దువ్విన దూది చుట్ట, ఉంది. కదురు నుంచి ఆ చెయ్యి నెమ్మదిగా వెనక్కి వెళ్తున్నకొద్దీ దూది దారం అవుతోంది, కంటికి ఆనీ ఆననంత సన్నగా. చెయ్యి భుజం ఎత్తుకి వెళ్లి ఒక్క క్షణం ఆగుతుంది, దారానికి పురి సరిపోనిస్తుంది, అప్పుడు తిరిగి ముందుకొస్తుంటే ఆ నూలు కదురుకి చుట్టుకుంటుంది. మళ్లీ వెనక్కి, మళ్లీ ఆగడం. నేను పంచె సంగతి మర్చిపోయి ఆ ఆగడాన్నే చూస్తూ కూర్చున్నాను. మధ్యలో ఒకసారి నూలు తెగింది. ఆవిడ ముఖంలో ఏమీ మారలేదు, చిట్టచివరి కొసని తెచ్చి ఏకుకి ఆనించి చక్రం కొంచెం తిప్పింది, అతుక్కుంది, పని సాగింది. "పని చేస్తుంటే ఏం ఆలోచిస్తుంటావు పెద్దమ్మా" అని అడిగితే, "ఆలోచిస్తే నూలు తెగిపోద్ది కదమ్మా" అంది, అదేదో అందరికీ తెలిసిన విషయమే అన్నట్టు.

ధ్యానం గురించి నేను క్లాసులో చెప్పేవన్నీ ఆ వసారాలో ఉన్నాయి. మనసు తెగిపోవడం తప్పు కాదు, తెగుతుంది, దాని పని అదే. తెగిన చోట మన మీద మనం విసుక్కోకుండా కొస తెచ్చి ఆనించాలి, అంతే. మీరు ధ్యానానికి కూర్చుంటే మనసు నిలవడం లేదన్నారు కదా, కూర్చోకండి ఇప్పట్లో. గోంగూర కాడల నుంచి ఆకు తుంచేటప్పుడు ఆ పని ఒక్కటే చేయండి. టీవీ, ఫోను, పక్కన మాటలు వద్దు. వేలికి పుల్లటి పసరు అంటడం, కాడ విరిగే చిన్న చప్పుడు, ఆకు కుప్ప పెరగడం. ఆలోచన ఎటో పోతే మళ్లీ ఆకు దగ్గరికి రండి. పది నిమిషాల పని. బియ్యం కడగడమైనా, బట్టలు మడతపెట్టడమైనా ఇలాగే. అన్ని పనులూ ఇలా చేయాలని పట్టుబట్టకండి, అది మళ్లీ ఇంకో టెన్షన్ అవుతుంది. రోజుకి ఒక్కటే పని, ముందే అనుకున్నది. గీతలో "యోగః కర్మసు కౌశలమ్" అన్నది పని త్వరగా, గొప్పగా చేసేయడం గురించి అని చాలామంది అనుకుంటారు. ఆ శ్లోకం మొదట్లోనే మంచీ చెడూ రెండింటినీ పట్టుకు వేలాడని బుద్ధి గురించి ఉంది, దానికి కొద్ది ముందే "సమత్వం యోగ ఉచ్యతే" అని ఉంది. ఆ పెద్దమ్మ నూలు తెగినప్పుడూ తెగనప్పుడూ ఒకే ముఖంతో ఉండటం నాకు ఆ శ్లోకానికి అర్థంగా కనబడింది.

మా క్లాసుకి వచ్చే ఒకాయన బస్సు కండక్టరు, పాలకొండ వైపు తిరుగుతారు. బీపీ ఉందని డాక్టరు చెబితే వచ్చారు, డ్యూటీల వల్ల వారానికి ఒకరోజు కూడా కుదిరేది కాదు. ఆయనకి గడప ఎక్కడంటే, స్టాపులో జనం ఎక్కాక బెల్ కొట్టిన వెంటనే. బెల్, ఒక పొడుగాటి ఊపిరి వదలడం, అప్పుడు టికెట్లు. రోజుకి ఎన్ని స్టాపులో అన్ని గడపలు. మూడు నెలల తర్వాత వచ్చి, "చిల్లర దగ్గర గొడవలు తగ్గాయండి, జనం మారారో నేను మారానో తెలీదు" అన్నారు. బీపీ మాత్రలు ఇప్పటికీ వేసుకుంటున్నారు, మానమని నేను ఎవరికీ చెప్పను, ఎవరు చెప్పినా వినకండి.

ఆసనాల పావుగంట విషయానికొస్తే మీరు అరసవల్లి పక్కనే ఉన్నారు, సూర్యుడికి దండం పెట్టడం మీకు నేర్పక్కర్లేదు. పన్నెండు భంగిమల సూర్యనమస్కారం ఒక్కొక్కటి నెమ్మదిగా, ఊపిరితో కలిపి చేస్తే నిమిషం, నిమిషంన్నర పడుతుంది. ఆరు చేయండి, తర్వాత ఐదు నిమిషాలు శవాసనం. టైం లేదని శవాసనం ఎగ్గొడతారు అందరూ, ఎగ్గొట్టాల్సి వస్తే రెండు నమస్కారాలు ఎగ్గొట్టండి. పొద్దున కుదరకపోతే సాయంత్రం, తిన్నాక మూడు గంటలు గడిచి ఉంటే చాలు. నెలసరి రోజుల్లో ఒళ్లు వద్దంటే మానేయండి, అపరాధంలా చూడకండి.

ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. మన వైపు యోగా అనగానే కోడి రామ్మూర్తి నాయుడు గారి పేరు వస్తుంది. వీరఘట్టంలో పుట్టి, మా విజయనగరంలో వ్యాయామశాల నడిపి, ఊపిరి బంధించి ఛాతీ మీదికి ఏనుగుని ఎక్కించుకున్న మహాబలుడు. ఆయనంటే నాకు చాలా గౌరవం. కానీ అది చిన్నప్పట్నుంచీ ఒంటిని ఉక్కులా తయారుచేసుకున్నవాళ్ల విద్య. వీడియోలు చూసి ఊపిరి బిగబట్టడం, కపాలభాతి, అంటే పొట్ట లోపలికి లాగుతూ ఊపిరి విసురుగా వదలడం, వందలకొద్దీ చేయడం మొదలుపెట్టి తల తిరిగి పడ్డవాళ్లని నేను చూశాను. బీపీ, గుండె జబ్బు, హెర్నియా, కంట్లో ప్రెషర్ ఉన్నవాళ్లు, గర్భిణులు ఊపిరి బిగబట్టే కుంభకం, కపాలభాతి, ఊపిరి బలంగా తీసి బలంగా వదిలే భస్త్రిక చేయకూడదు. ఊపిరి పొడుగ్గా వదలడం మాత్రం వీళ్లలో దాదాపు అందరూ చేయొచ్చు, కళ్లు తిరిగినట్టుంటే ఆపేసి మామూలుగా తీసుకోవాలి.

ఇంకోటి, మీ జిల్లాకి మరీ అవసరమైనది. యోగాతో పాటు పొద్దున్నే లీటరు, లీటరున్నర నీళ్లు తాగమని చెబుతుంటారు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో బంధువులుంటే వాళ్లకి ఈ సలహా ఇవ్వకండి. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకి రోజుకి ఎంత నీరు తాగాలో డాక్టరు కొలిచి చెబుతారు, ఎక్కువైతే ఒంట్లో నీరు పట్టి ప్రాణం మీదికి వస్తుంది.

ప్రశాంతత అంటే ఎప్పుడూ ఏడవకుండా ఉండటం అని కూడా అనుకోకండి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను వచ్చింది కదా. మా క్లాసుకి వచ్చే ఒకమ్మాయి పుట్టిల్లు వజ్రపుకొత్తూరు వైపు, వాళ్ల నాన్న కొబ్బరి తోట, జీడి తోట ఒక్క రాత్రిలో పడిపోయాయి. రెండు వారాల తర్వాత క్లాసుకొచ్చి మూల కూర్చుంది. నేను అలవాటుగా "ఊపిరి మీద ధ్యాస పెట్టమ్మా" అన్నాను. "ఊపిరి ఆడితే కదా మేడమ్" అంది. నాకు నోట మాట రాలేదు. క్లాసు వేరే అమ్మాయికి అప్పజెప్పి ఆమెని కిందికి తీసుకెళ్లి కాఫీ కలిపిచ్చి పక్కన కూర్చున్నాను, ఒక్కొక్క చెట్టు గురించీ చెప్పింది, ఏది ఎవరు నాటారో, ఏది ఎవరి పెళ్లికి అమ్మిన కాయలు ఇచ్చిందో. కొబ్బరి మొక్క కాపుకి రావాలంటే ఐదారేళ్లు పడుతుంది, వాళ్ల నాన్నకి అప్పటికే అరవై దాటాయి. ఆ దుఃఖాన్ని మూడు ఊపిరులతో తుడిచేయాలనుకోవడం తప్పు. పక్కన కూర్చోవడమే ఆరోజు నా సాధన అని తర్వాత అర్థమైంది. పతంజలి కూడా మనసు తేటపడాలంటే సుఖంగా ఉన్నవాళ్లతో స్నేహం, దుఃఖంలో ఉన్నవాళ్ల మీద కరుణ ఉండాలనే చెప్పారు.

మీరు చివర్లో రాసిన ఒక వాక్యం నన్ను వదలడం లేదు. "అన్నీ నేనే చూసుకోవాలి, అందుకే ఓర్పు కోసం యోగా" అన్నారు. ఓర్చుకోకూడనిదాన్ని ఓర్చుకోవడానికి యోగా వాడకండి. పిల్లల బాక్సులు కట్టడం, యూనిఫాం ఇస్త్రీ, అత్తగారికి మోకాళ్లకి నూనె, ఇవన్నీ మీ ఒక్కరి పనులే అని ఏ శాస్త్రంలోనూ లేదు. మీ ఆయనతో మాట్లాడండి, కోపంలో ఉన్నప్పుడు వద్దు, ఆదివారం పొద్దున కాఫీ తాగేటప్పుడు, "బాక్సులు, ఆటో మీరు చూసుకోండి, ఆ పావుగంట నాకు కావాలి" అని అంకెతో సహా అడగండి. సాయం చేయండి అంటే ఎవరికీ ఏం చేయాలో తెలీదు, ఈ రెండు పనులూ మీవి అంటే తెలుస్తుంది. సత్యం కూడా యమాల్లో ఒకటే, మీకు భారంగా ఉందని చెప్పడం సత్యమే. మా క్లాసులో ముగ్గురు నలుగురి ఇళ్లలో యోగాకి టైం దొరికింది ఈ మాట అడిగాకే.

ఇంకా, నిద్ర పట్టక వారాలు గడుస్తున్నా, ఏ పనిమీదా ఆశ లేకపోయినా, బతకడం ఎందుకు అనిపిస్తున్నా అది ఊపిరితో సర్దుకునే సంగతి కాదు. ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించుకోవాలి. టెలి మానస్ అని ప్రభుత్వానిదే హెల్ప్‌లైన్ ఉంది, 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు. మీకు అలా ఉందని అనుకోవడం లేదు, కానీ మీలా అడిగేవాళ్లలో కొందరికి ఉంటుంది, అందుకే రాస్తున్నాను.

ఇప్పటికి మీరు చేయాల్సింది ఒక్కటే, చెప్పుల దగ్గర గడప. రేపు సాయంత్రం మర్చిపోతారు, చెప్పులు విప్పి లోపలికెళ్లి ఎవరినో ఒకమాట అన్నాక గుర్తొస్తుంది. అప్పుడు వంటింటి గుమ్మం దగ్గరైనా సరే ఆగి ఆ మూడూ తీసుకోండి. చెప్పుల స్టాండు మీద కనబడేలా ఏదైనా గుర్తు పెట్టుకోండి, మా దగ్గర ఒకావిడ చిన్న ఇత్తడి గంట పెట్టుకుంది. పదిహేను రోజులయ్యాక ఇక్కడే కింద రాయండి, ఎన్నిసార్లు మర్చిపోయారో కూడా రాయండి, దాన్నిబట్టి రెండో గడప ఏది పెట్టుకోవాలో చెబుతాను. పైడితల్లి అమ్మవారి పండక్కి విజయనగరం వస్తే మా మేడ మీద సాయంత్రం ఐదున్నరకి క్లాసు ఉంటుంది, సిరిమాను రోజు మంగళవారం మాత్రం ఉండదు.